మునగ మోడు

తుఫాను పోయిన నాలుగో ఆదివారం
గుడి కప్పు ఇంకా కాలవలోనే ఉంది.
ఒక రేకు గుర్రపుడెక్కలో చిక్కుకుని,
దాని మీద ఎవరిదో కోడి.
గోడల మధ్య, ఆకాశం కింద
తడి చాపలే పరిచారు.
"చదువు నాన్నా," అంది దీవెనమ్మ.
ఆమెకు అక్షరం రాదు. నాకు పదేళ్ళు.
క్రిస్మస్ ముందు ఏటా అదే పాఠం:
నరికేసిన రాజవంశం మొద్దులోంచి
ఒక చిగురు లేస్తుందని,
ఆ చిగురే ఏలుతుందని.

నాకు రాజులెవరూ తెలీదు.
తెలిసిందల్లా రెవెన్యూ ఆయన.
మూడో రోజున లాంచీ దిగి, గట్టు మీదే నిలబడి,
చెప్పులకి బురద అంటకుండా
కంటికి ఆనిన ఇళ్ళు రాసుకుపోయాడు.
పెంకుటిళ్ళు ఆనాయి. డాబాలు ఆనాయి.
పల్లంలో మా పేట ఆనలేదు.
పడిపోయిన ఇల్లు కంటికెలా ఆనుద్ది?

ఆ రాజు మాత్రం
కళ్ళను నమ్ముకుని తీర్పు తీర్చడట,
చెవులు మోసుకొచ్చిన మాట మీద
ఎవర్నీ కొట్టెయ్యడట.
"ఆగు," అంది దీవెనమ్మ. "మళ్ళీ ఆ ముక్క."
మళ్ళీ చదివాను.

వెనకనించి గిడ్డి ఏసోబు దగ్గాడు,
కొడుకుని ఉప్పుటేరు పట్టుకుపోయిన మనిషి.
"వచ్చేశాడనే కదమ్మా మనం పాడుకునేది.
వచ్చి రెండువేలేళ్ళంటారు.
వచ్చినోడు బియ్యం జాబితా చూళ్ళేదా?"

ఎవరూ మాట్లాడలేదు.
గాలి లేదు. ఉన్న గాలంతా
ఆ ఒక్క రాత్రే ఖర్చయిపోయినట్టుంది.

దీవెనమ్మ లేచి, గోడ కూలిన పక్క నించి
బయటికి చెయ్యి చూపింది.
చుట్టూ కొబ్బరి. తలలు తెగి
ఎండిన స్తంభాల్లా కొబ్బరి.
"దానికి తలే ప్రాణం. తల పోయాక
ఇంక దూలానికే.
ఏలినోళ్ళంతా కొబ్బరి జాతి.
దేవుడు ఎక్కడ మొదలెట్టాడో చూడండి."
బోరింగు పక్కన, మోకాలెత్తున
విరిగిన మునగ మోడు.
మునగెంత చెట్టని! పిల్లాడెక్కితే విరుగుద్ది.
దాని బెరడు పగిలిన చోట
గోరంత పచ్చన.

"వచ్చాడు ఏసోబూ. చిగురుగా వచ్చాడు.
కాయ కోసుకునే రోజు ఇంకా ఉంది.
కాయ లేదని చిగురు తుంచకు."

ఏసోబు ఒప్పుకోలేదు.
ఒప్పుకున్నాడని రాస్తే బాగుండేది.
కండువా దులుపుకుని
ప్రార్థన కాకుండానే లేచిపోయాడు.

మిగతాది హడావుడిగా చదివేశాను.
తోడేలూ గొర్రెపిల్లా ఒక చోట పడుకోడం.
తోడేల్ని చూడలేదు నేను. మాకు నక్కలే.
నడుముకి నీతి కట్టుకుంటాడన్న దగ్గర
దీవెనమ్మ మళ్ళీ ఆపింది.
"కిరీటం కాదు, చూశావా, నడుంకట్టు.
నడుం బిగించేది ఎవరు? ఊడ్పుకి దిగే మనం.
తువ్వాలు చుట్టుకుని, ముందు కూర్చోబెట్టి
జాలర్ల కాళ్ళు కడిగింది ఆయనే.
బురద ఎరిగిన రాజు."

సోమవారం కుచ్చెళ్ళు ఎగదోపి
నన్ను వెంటేసుకుని ముమ్మిడివరం నడిచింది.
నా నోటుపుస్తకంలో పేట పేర్లన్నీ.
మొదటి పేరు తనదే చెబుతుందనుకున్నాను.
"గిడ్డి ఏసోబు, రాయి."
"ఇంట్లో ఎంతమంది?" గుమస్తా అడిగాడు.
నలుగురని నా నోటిదాకా వచ్చింది.
"ముగ్గురండి," అంది దీవెనమ్మ,
అని, చాలాసేపు
రెండో పేరు చెప్పలేదు.

ఇప్పుడు నేను లాకుల దగ్గర లస్కరుని.
దాళ్వా రోజుల్లో, పొద్దుపోయాక,
ఎగువ రైతు మనిషి సంచీతో వస్తాడు
షట్టరు రెండు జానలు దించమని.
ఇక్కడికి శివారు చేలు కనబడవు.
ఎండితే ఏడుపూ వినబడదు.
ప్రతిసారీ గెలిచానని చెప్పను.
చక్రం మీద చెయ్యి పెట్టి
కాసేపు కళ్ళు మూసుకుంటాను.